ఇంట్లో చేసుకున్న వైరస్ పరీక్ష ఫలితాన్ని డాక్టరు గారికి ఎలా చెప్పాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం పట్టణాల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం ఈ ప్రశ్నలను ఒకచోట చేర్చాను. నేను రాయగడలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. జ్వరాల కాలం రాగానే, ఇంట్లో చేసుకున్న కరోనా పరీక్ష కార్డును ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని మా కౌంటరు దగ్గరికి వచ్చి, దీన్ని డాక్టరు గారికి చూపించాలా, చూపిస్తే ఏమని చెప్పాలి అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. వారికి నేను ముందుగా చెప్పేది ఒకటే: ఒంట్లో నలతగా ఉండడం ఏ తేదీన మొదలైందో, పరీక్ష ఎన్నో రోజున చేశారో తెలిస్తేనే కార్డు మీద వచ్చిన గీతను బట్టి డాక్టరు గారు ఒక నిర్ణయానికి రాగలరు. ఎవరికి ఏ దశలో సందేహం వస్తే ఆ దశకు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## పరీక్షకు ముందు

జ్వరం తగలగానే కిట్టు తెచ్చి చూసుకోవచ్చా, ముందు డాక్టరుకే ఫోన్ చేయాలా?

మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవారైతే ముందు ఇంట్లో చూసుకుని, ఆ తరువాత ఫోన్ చేయవచ్చు. మన దేశంలో మొదటి ఇంటి పరీక్ష కిట్టు, పుణెలోని మైల్యాబ్ సంస్థ తయారు చేసిన కోవిసెల్ఫ్. దాని వాడకంపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసిఎంఆర్) 2021 మే 19న ఇచ్చిన సూచనల ప్రకారం, లక్షణాలు ఉన్నవారు, ల్యాబులో నిర్ధారణ అయిన రోగితో దగ్గరగా మెలిగినవారు ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఏ కారణమూ లేకుండా చేసుకోవద్దని కూడా అందులోనే ఉంది.

అరవై దాటినవారు, షుగరు, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు, కేన్సరు మందులు వాడుతున్నవారు, గర్భిణులు మాత్రం పరీక్ష చేసుకుంటూనే డాక్టరు గారికి కబురు పెట్టాలి. మన జిల్లాల్లో సికిల్ సెల్ జబ్బు (వంశపారంపర్యంగా వచ్చే రక్తం జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జబ్బు ఉన్న పిల్లవాడికి జ్వరం రావడమే అత్యవసర విషయం కనుక, కార్డు మీద గీత కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

కిట్టు వేసవి నుంచి అటక మీదే ఉంది. దానితో వచ్చిన ఫలితం చెప్పవచ్చా?

చెప్పవచ్చు, కాని కిట్టు ఎక్కడ ఉంచారో కూడా కలిపి చెప్పాలి. ఈ కిట్లను సాధారణంగా 2 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలని పెట్టె మీదే ముద్రించి ఉంటుంది. రేకుల కప్పు కింద అటక మీదా, బండి డిక్కీలోనూ మన వేసవి ఎండ ఆ హద్దును ఎప్పుడో దాటిపోతుంది. కార్డు మీద సి దగ్గర వచ్చే గీత పరీక్ష సరిగా జరిగిందని, టి దగ్గర వచ్చే గీత వైరస్ ఉందని చెబుతాయి; టి గీత లేకపోతే నెగెటివ్. అలా వేడెక్కిన కిట్టులో సి గీత సవ్యంగా వచ్చినా, టి గీత రావలసిన చోట రాకపోయే ప్రమాదం ఉంది. అందువల్ల అటువంటి కిట్టు నెగెటివ్ చూపిస్తే నమ్మి ఊరుకోవద్దు. గడువు తేదీ కూడా చూసుకోండి.

ఆశా దీదీ వేలికి సూది గుచ్చి చూసిన కార్డు, ఈ కార్డు ఒకటేనా?

కావు. రెండూ తెల్లటి చిన్న ప్లాస్టిక్ కార్డులే, రెండింటిలోనూ సి గీత ఉంటుంది. అందుకే తికమక వస్తుంది. ఆశా కార్యకర్త వేలి నుంచి రక్తం చుక్క తీసి చేసేది మలేరియా పరీక్ష. మలేరియా రకాలను విడివిడిగా చూపడానికి దాని మీద సి కాకుండా ఇంకా రెండు గీతలకు చోటు ఉంటుంది. ముక్కులో పుల్ల తిప్పి చేసేది కరోనా పరీక్ష. ఒకసారి ఒక ముసలాయన మలేరియా కార్డు ఫోటోను డాక్టరు గారికి పంపి, కరోనా వచ్చిందని రెండు రోజులు గదిలో ఒంటరిగా పడుకున్నారు. ఆయనకు ఆ రెండు రోజులూ అందవలసినవి మలేరియా మాత్రలు. ఫోటో పంపేటప్పుడు ఇది ముక్కు పరీక్షో రక్తం పరీక్షో ఒక్క మాటలో రాయండి.

## కార్డు చదివేటప్పుడు

రెండో గీత ఉందో లేదో అన్నట్టు లీలగా ఉంది. పాజిటివ్ అని చెప్పాలా?

సి గీత స్పష్టంగా ఉండి, చెప్పిన సమయం లోపల టి దగ్గర ఎంత పలుచగా గీత కనిపించినా అది పాజిటివే. మా ఇంట్లో ట్యూబులైటు వెలుగులో ఏమీ కనబడని కార్డును కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి పగటి వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే, గోరింట వెలిసిపోయినప్పటి రంగులో సన్నని గీత బయటపడింది. "లీలగా ఉంది" అన్న మాటను కూడా డాక్టరు గారితో చెప్పండి. సి గీతే రాకపోతే ఆ పరీక్ష చెల్లదు, మరో కిట్టుతో మళ్లీ చేయాలి.

రాత్రి చూస్తే ఒక్క గీతే, తెల్లారి చూస్తే రెండున్నాయి. ఏది నిజం?

రాత్రి, సమయం లోపల చూసినదే ఫలితం. కోవిసెల్ఫ్ కిట్టులో ఫలితం 15 నిమిషాలకు చదవాలి, 20 నిమిషాలు దాటాక కనిపించినది లెక్కలోకి రాదు. ఇతర కిట్ల సమయం వాటి కాగితం మీద ఉంటుంది. పట్టీ ఆరిపోతున్న కొద్దీ దాని మీద నీడలాంటి చారలు ఏర్పడవచ్చు. అయితే తెల్లారి కనిపించిన గీతను దాచిపెట్టవలసిన అవసరం లేదు. సమయానికి చూసినప్పుడు ఒకటే ఉందని, ఆలస్యంగా చూస్తే రెండోది కనిపించిందని ఉన్నది ఉన్నట్టు చెబితే, మరోసారి పరీక్ష చేయించాలో వద్దో వారే నిర్ణయిస్తారు.

ఫోటో ఎలా తీస్తే డాక్టరు గారికి స్పష్టంగా కనబడుతుంది?

కార్డును తెల్ల కాగితం మీద పెట్టి, కిటికీ పక్కన, ఫ్లాష్ వేయకుండా, నిటారుగా పైనుంచి తీయండి. అదే కాగితం మీద పేరు, తేదీ, ముక్కు నుంచి నమూనా తీసిన సమయం, ఫోటో తీసిన సమయం పెద్ద అక్షరాలతో రాసి ఉంచితే ఒక్క ఫోటోలోనే అన్నీ వస్తాయి. పెట్టె మీద గడువు తేదీ ఉన్న పక్కను రెండో ఫోటోగా తీయండి. వాట్సాప్‌లో అందమైన రంగులు దిద్దే ఫిల్టరు ఏదీ వాడవద్దు, పలుచటి గీత అందులోనే పోతుంది.

ఇంట్లో నలుగురికీ ఒకేసారి చేశాం. ఇప్పుడు ఏ కార్డు ఎవరిదో తెలియడం లేదు.

మళ్లీ చేయడం తప్ప దారి లేదు, ఊహించి చెప్పకూడదు. ఈసారి ఒకరి తరువాత ఒకరికి, పావుగంట ఎడంతో చేయండి. కార్డు అంచున, గీతలు వచ్చే గడికి తగలకుండా, బాల్‌పెన్నుతో పేరులో మొదటి అక్షరం రాయండి.

## డాక్టరు గారికి చెప్పేటప్పుడు

నెగెటివే వచ్చింది కదా, ఇంక చెప్పేదేముంది?

నెగెటివ్ వచ్చినవారే ముందు చెప్పాలని నేను అనుభవం మీద అంటున్నాను. రెండేళ్ల క్రితం మా అమ్మకు ఒక సాయంత్రం గొంతు నొప్పి, వొళ్లు నొప్పులు మొదలయ్యాయి. ఆ రాత్రే ఇంట్లో పరీక్ష చేశాను, ఒక్క గీతే వచ్చింది. రోజూ ల్యాబులో పనిచేసే నేను కూడా ఆ ఒక్క గీతను చూసి, మామూలు రొంపే అనుకుని అందరం నిద్రపోయాం. ఐదో రోజుకు ఆయాసం వచ్చాక మళ్లీ చూస్తే రెండు గీతలు. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "మొదటి రోజే ఎందుకు చెప్పలేదండీ?" అమ్మ కోలుకున్నారు గాని, ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

కారణం ఇది. ఇంట్లో వాడే ఈ కార్డు (యాంటిజెన్ పరీక్ష, అంటే వైరస్‌లోని ప్రోటీనును పట్టేది) పాజిటివ్ చూపించాలంటే ముక్కులో వైరస్ తగినంత పెరిగి ఉండాలి. మొదటి రోజున చాలామందిలో అంత ఉండదు. అందుకే లక్షణాలు ఉండి కార్డు నెగెటివ్ చూపిస్తే వెంటనే ల్యాబులో చేసే, ఇంకా తక్కువ వైరస్‌నూ పట్టుకునే ఆర్‌టి-పిసిఆర్ చేయించుకోవాలని ఐసిఎంఆర్ తన మొదటి సూచనల్లోనే చెప్పింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 ఆగస్టులో, లక్షణాలు ఉన్నవారు నెగెటివ్ వస్తే 48 గంటల తరువాత రెండోసారి చూసుకోవాలని సూచించింది. మొదటి నెగెటివ్ సంగతి డాక్టరు గారికి తెలిస్తే రెండో పరీక్ష ఎప్పుడు చేయాలో వారు లెక్క కట్టగలుగుతారు. కరోనాకు వాడే నిర్మాట్రెల్విర్-రిటోనావిర్ మాత్రలను లక్షణాలు మొదలైన ఐదు రోజుల లోపు మొదలుపెట్టాలి, ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే ఎక్కువ మేలు. ఆలస్యంగా చెబితే ఈ వ్యవధి దాటిపోతుంది.

మన ప్రాంతానికి ఇంకొక కారణమూ ఉంది. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి కొండ ప్రాంతాల్లో మలేరియా బెడద పాతది. ఒడిశా ప్రభుత్వం 2017లో దమన్ పేరుతో ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది ఇందుకే. కరోనా కార్డు నెగెటివ్ అంటే జ్వరానికి కారణం ఇంకా తెలియలేదనే అర్థం. మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ (పొదల్లోని నల్లిలాంటి చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) పరీక్షలకు రక్తం తీయాలో లేదో డాక్టరు గారే చెప్పాలి. చలితో వణికించే జ్వరం, పొలానికో అడవికో వెళ్లి వచ్చిన సంగతి, ఒంటి మీద నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు ఉంటే తప్పక చెప్పండి.

వాట్సాప్‌లో కార్డు ఫోటో పెడితే చాలదా? ఏమని రాయాలి?

పేరూ వయసూ లేని రెండు గీతల ఫోటో వల్ల డాక్టరు గారికి పని పెరుగుతుంది, మీకు ఉపయోగం తగ్గుతుంది. ఫోటో కింద ఇలా నాలుగు వాక్యాలు రాయండి:

"నమస్కారమండీ డాక్టరు గారూ. మా అమ్మ, 67 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి, మీ దగ్గరే చూపించుకుంటున్నాం. 8వ తేదీ సాయంత్రం నుంచి గొంతు నొప్పి, 9న జ్వరం 101. ఈ రోజు 10వ తేదీ ఉదయం 7.10కి ముక్కు పరీక్ష చేశాం, 7.25కి ఈ ఫోటో తీశాం. ఆక్సిజన్ 96, ఆయాసం లేదు, ఉదయం 6కి పారాసెటమాల్ 650 ఒకటి వేసుకున్నారు."

పారాసెటమాల్ వేసుకున్న సమయం రాయడం మరచిపోకండి. మాత్ర వేసుకున్న రెండు గంటలకు చూసిన జ్వరం అసలు జ్వరం కంటే తక్కువగా కనిపిస్తుంది.

ఎప్పుడు మొదలైందో సరిగా గుర్తులేదు. సుమారుగా చెప్పవచ్చా?

సుమారుగా చెప్పవచ్చు గాని, తోచిన తేదీ చెప్పకూడదు. మన పెద్దవారికి తేదీ కంటే "ఏకాదశి నాడు", "సంత రోజున", "చిన్నమ్మాయి వచ్చి వెళ్లిన మర్నాడు" అన్నవే గుర్తుంటాయి. అవి మంచి ఆనవాళ్లే, కేలండరు చూసి తేదీగా మార్చి చెప్పండి. జ్వరానికి ముందు వచ్చిన గొంతు గరగర, నోరు రుచి లేకపోవడం కూడా మొదలే. జ్వరం వచ్చిన రోజును మొదటి రోజుగా పట్టుకుంటే ఒకటి రెండు రోజులు తేడా వస్తుంది.

కిట్టు యాప్‌లో ఫలితం పెట్టేశాను. డాక్టరుకు మళ్లీ చెప్పాలా?

చెప్పాలి. యాప్‌లో పెట్టిన ఫలితం ఐసిఎంఆర్ కేంద్ర సర్వరుకు చేరేలా ఏర్పాటు చేశారు. అది వ్యాధి ఎక్కడ ఎంత ఉందో ప్రభుత్వం లెక్క పెట్టుకోవడానికి. మీకు ఎప్పుడూ వైద్యం చేసే డాక్టరు గారికి అక్కడి నుంచి సమాచారం రాదు.

మేము రాయగడలో ఉంటాం, మా డాక్టరు గారు పార్వతీపురంలో. రాష్ట్రం వేరు కదా, ఫోన్‌లో చెబితే చూస్తారా?

చూడవచ్చు. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, నమోదైన వైద్యులు దేశంలో ఏ ప్రాంతపు రోగికైనా ఫోన్, వీడియో, మెసేజి ద్వారా సలహా ఇవ్వవచ్చు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం డాక్టరుకు చూపించుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. అయితే ఫోన్‌లో తేల్చలేని విషయమని వారికి అనిపిస్తే స్వయంగా రమ్మనే హక్కు వారికి ఉంది. ఆ మాట అంటే మీ ఆరోగ్యం మీద శ్రద్ధతోనే అన్నారని భావించండి. మీ ఊరు, జిల్లా ముందే చెబితే, అవసరమైనప్పుడు మీకు దగ్గరలో ఉన్న ఒడిశా ఆసుపత్రి పేరుతోనే చీటీ రాయగలుగుతారు.

ఇక్కడి డాక్టరు గారు ఒడియావారు. నాకు ఒడియా అంతగా రాదు.

అంకెలు అందరికీ ఒకటే కనుక తేదీ, జ్వరం, ఆక్సిజన్, వయసు 1, 2, 3 అంకెల్లో కాగితం మీద రాసి చూపించండి. జ్వరాన్ని వారు జొరొ అని, దగ్గును కాసొ అని అంటారు. బడిలో ఒడియా చదువుకుంటున్న మీ పిల్లల చేత నాలుగు వాక్యాలు రాయించుకుని దగ్గర పెట్టుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.

నేను విశాఖలో, అమ్మానాన్న గుణుపురంలో. వారి తరఫున నేను చెప్పవచ్చా?

చెప్పవచ్చు. కాని ఆఖరికి డాక్టరు గారిని వారితో కాన్ఫరెన్సు కాల్‌లో కలపండి. రోగి ఒక వాక్యం మధ్యలో ఆగకుండా పూర్తి చేయగలుగుతున్నారా, మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకుంటున్నారా అన్నది డాక్టరు గారు చెవితోనే పట్టుకుంటారు. మీరు చెప్పే మాటల్లో అది వినబడదు. పక్కింటివారి చేత గడియారం పెట్టి నిండా ఒక నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టించి ఆ సంఖ్యను కూడా చెప్పండి.

మందుల షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకున్నాను. చెబితే కోప్పడతారేమో.

కోప్పడినా చెప్పండి. ఈ ఒక్క విషయం దాచడం వల్ల ప్రాణం మీదికి వస్తుంది. విడి మాత్రలుగా కట్టి ఇచ్చిన పొట్లంలో స్టెరాయిడ్ ఉండవచ్చు. ఆక్సిజన్ తగ్గని రోగికి మొదటి రోజుల్లో స్టెరాయిడ్ మేలు చేయకపోగా షుగరును పెంచుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ ప్రబలడానికి అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్లను ఇష్టం వచ్చినట్టు వాడడం ముఖ్యమైన కారణాలుగా వైద్యులు గుర్తించారు. యాంటీబయోటిక్ వైరస్ మీద పనిచేయదు. రిటోనావిర్ ఉన్న మాత్రలు కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని స్టాటిన్లతోనూ, మరెన్నో మందులతోనూ పడవు. కనుక రోజూ వేసుకునే మాత్రల అట్టలన్నిటినీ మంచం మీద పరచి, పేర్లు కనబడేలా ఒక ఫోటో తీసి పంపండి. పసరు మందులు, కషాయాలు కూడా చెప్పండి.

## చెప్పిన తరువాత

మెసేజి చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు లేదు. ఎంతసేపు చూడాలి?

మెసేజి చూడడం, చదివి ఆలోచించడం వేరు వేరు. రోగి నిలకడగా ఉంటే రెండు మూడు గంటలు చూసి, క్లినిక్కు నంబరుకు ఫోన్ చేసి కాంపౌండరు గారితో చెప్పండి. ఎవరూ దొరకకపోతే ఆరోగ్య సలహా నంబరు 104కు ఫోన్ చేసి గాని, ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ ఈ-సంజీవని ఆన్‌లైన్ సేవ ద్వారా గాని అదే సమాచారం చెప్పవచ్చు.

ఎటువంటి పరిస్థితిలో జవాబు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి?

రోగి మామూలు గది గాలి పీలుస్తుండగా, వేలికి పెట్టే ఆక్సీమీటరులో ఆక్సిజన్ గంట లోపల మూడుసార్లు చూసినా 93 లేదా అంతకంటే తక్కువ ఉంటే, నిమిషానికి 24 కంటే ఎక్కువ శ్వాసలు తీస్తుంటే, గుండెలో బరువు గాని నొప్పి గాని తగ్గకుండా ఉంటే, పిలిస్తే సరిగా పలకకపోయినా మాట పొంతన తప్పినా, 100 దాటిన జ్వరం మూడు రోజులకు మించి దిగకపోయినా వెంటనే బయలుదేరండి. 2022 జనవరి 5న కేంద్రం ఇచ్చిన హోం ఐసొలేషన్ మార్గదర్శకాల్లో చెప్పిన గుర్తులు ఇవి. ఆక్సిజన్ చూసే ముందు గోరింట, గోళ్ల రంగు లేని వేలు ఎంచుకోండి, చేతులు చల్లబడి ఉంటే రుద్ది వెచ్చబరచండి.

108కి ఫోన్ చేసినప్పుడు ఊరి పేరుతో పాటు బ్లాకు, జిల్లా, రాష్ట్రం కూడా చెప్పండి. ఒకే పేరున్న ఊళ్లు సరిహద్దుకు రెండు వైపులా ఉండవచ్చు. పెద్ద ఆసుపత్రి అవసరమైతే బరంపురంలో ఎం.కె.సి.జి., కోరాపుట్‌లో శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రులు ఉన్నాయి. బయలుదేరిన తరువాత దారిలో నుంచి మీ డాక్టరు గారికి ఒక్క ముక్క చెప్పండి.

ఇంట్లో పాజిటివ్ వచ్చింది. ల్యాబులో మళ్లీ చేయించాలా?

అవసరం లేదు. ఇంటి పరీక్షలో పాజిటివ్ వచ్చినవారిని నిజమైన పాజిటివ్‌గానే పరిగణించాలని ఐసిఎంఆర్ చెప్పింది. డాక్టరు గారు ప్రత్యేకమైన కారణంతో అడిగితే తప్ప మా ల్యాబు దాకా వచ్చి లైనులో నిలబడవద్దు.

ఎన్ని రోజులు వేరుగా ఉండాలి? మళ్లీ నెగెటివ్ చూపించాలా?

2022 జనవరి నాటి ఆ మార్గదర్శకాల ప్రకారం, పాజిటివ్ అని తేలిన నాటి నుంచి కనీసం ఏడు రోజులు గడిచి, వరుసగా మూడు రోజులు జ్వరం లేకపోతే వేరుగా ఉండడం ముగించవచ్చు, మళ్లీ పరీక్ష అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ఎత్తివేసింది గాని, ఇంట్లో ముసలివారికి సోకే ప్రమాదం దానితో పోలేదు. మీ ఇంట్లో ఎవరెవరున్నారో చెబితే ఇంకా ఎన్ని రోజులు జాగ్రత్త అవసరమో డాక్టరు గారు చెబుతారు. లక్షణాలకు రెండు రోజుల ముందు నుంచి మీతో కలిసి భోజనం చేసినవారికి మీరే ఫోన్ చేసి చెప్పండి. వీధి గ్రూపులో పెట్టవలసిన పని లేదు.

సెలవు కోసం కార్డు ఫోటో ఆఫీసులో ఇస్తే చాలునా?

కార్డు మీద మీ పేరు ఉండదు కనుక దానికదే రుజువు కాదు. ఆఫీసువారు సర్టిఫికెట్టు అడిగితే డాక్టరు గారికి మొదటి రోజునే చెప్పండి. తరువాత వెనక్కి తేదీ వేసి ఇమ్మని ఒత్తిడి చేయకండి.

వాడిన కార్డును దాచాలా, పారేయాలా?

ఫోటో తీసి డాక్టరు గారికి చేరిందని తెలిశాక పారేయవచ్చు. కార్డు, పుల్ల, గొట్టం అన్నిటినీ కిట్టుతో వచ్చిన సంచిలో పెట్టి, మూతి గట్టిగా మూసి చెత్త బండికి ఇవ్వండి. ఆవులు మేసే చెత్తకుప్ప మీద, ఏటి గట్టున వేయవద్దు. గొట్టంలో మిగిలిన ద్రవం చిన్నపిల్లల చేతికి అందకుండా చూడండి, ఆ తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి.